పన్నెండో బావి

విరుదునగరం పత్తి కమిషన్ కొట్లో ఏడేళ్లు తూకం లెక్క రాసిన చెల్లసామికి ఒక నమ్మకం గట్టిగా పట్టుకుంది. సరుకు తక్కెడ ఎక్కకముందు ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టకూడదు. దేవుడొచ్చి అడిగినా పెట్టకూడదు. ఈ నమ్మకం వల్ల వచ్చిన మంచి పేరే 1928లో అతనికి కోవిల్‌పట్టిలో ఉద్యోగం ఇప్పించింది. తర్వాత కొంప ముంచిందీ అదే.

ఆ ఏడు మద్రాసులో ఒక వైద్య కళాశాల వాళ్లు నారికురుపు మీద పరిశోధనకని సర్కారు నుంచి మూడేళ్ల గ్రాంటు తెచ్చుకున్నారు. కోవిల్‌పట్టి రైలు స్టేషను దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బోర్డు పెట్టారు. దానికి పెద్ద డాక్టర్ రాజగోపాలన్. భూతద్దం ముందు కూర్చుంటే తిండి మరిచిపోయే మనిషి, బిల్లు కనబడితే మాత్రం తలనొప్పి తెచ్చుకునేవాడు. "గ్రాంటు లెక్కంతా నీదే, నన్ను చంపకు" అని మొదటి రోజే అరవంలో చెప్పి, బీరువా తాళాలు చెల్లసామి ముందు పడేశాడు.

నారికురుపు అంటే ఎరగనివాళ్లు ఆ నల్లరేగడి పల్లెల్లో ఎవరూ లేరు. కాలి మీద పొక్కు లేచి పగిలి, అందులోంచి దారప్పోగులాంటి పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగాలి. తొందరపడి తెంపితే కాలు చచ్చుబడినట్టే. ఆ కురుపుతోనే ఆడవాళ్లు మెట్ల బావిలో మోకాలి లోతున దిగి కుండ ముంచేవాళ్లు. పురుగు పిల్లలు నీళ్లలో చేరేవి. ఆ నీళ్లు తాగిన వాళ్లకు మళ్లీ ఏడాదికి కురుపు. గుడ్డలో వడకట్టి తాగమంటే ఇంట్లో వడకట్టేవాళ్లు, చేలో దాహమైతే దోసిలి పట్టేవాళ్లు. డాక్టరు ఆలోచన సులువైనదే. పన్నెండు ఊళ్ల బావుల్లో మెట్లకు అడ్డంగా గోడ కట్టి పైన గిలక పెడితే ఎవరి కాలూ నీళ్లలో పడదు. జబ్బు ఎంత తగ్గిందో మూడో ఏట మళ్లీ లెక్క తీసి చూపించాలి.

ఆ పన్నెండు ఊళ్లలో ఎట్టయాపురం అవతలున్న చెల్లసామి ఊరు కూడా ఉంది. అక్కడ అతని అక్క తాయమ్మాళ్ ఉండేది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది. మొగుడు పోయాక రెండెకరాల పత్తి చేను ఒంటిచేత్తో చేసుకుంటోంది. అప్పటికే రెండుసార్లు పురుగు లాగించుకుంది.

"మన బాయికి గోడ ఎప్పుడు కడతారప్పా?" అని అడిగేది, తమ్ముడు ఎప్పుడు వచ్చినా.

"ఈ పంగుని నెల లోపల అయిపోతాదక్కా. నా చేతిలోనే కదా ఉండాది."

నిజంగానే అతని చేతిలో ఉంది. ఏ ఊరి తర్వాత ఏ ఊరో వరుస రాసింది అతనే. రాసేటప్పుడు సొంత ఊరిని పన్నెండో చోట పెట్టాడు. గుమాస్తా తన ఊరికి ముందు కట్టించుకున్నాడని నలుగురూ అనకూడదు కదా! ఎంత పెద్దమనిషి తరహా చూడండి.

రెండో ఏట పని మొదలైంది. మాడన్ అనే మేస్త్రి పనికి కుదిరాడు. సున్నం బేరానికి వారం, రాతి బేరానికి పది రోజులు పట్టించి చెల్లసామి అణా అణా తగ్గించాడు. ఈ బేరాలతో తొమ్మిది బావులు పూర్తయ్యేసరికి 1930 మార్చి నెల సగం దాటింది. చేతిలో నాలుగువందల పన్నెండు రూపాయలున్నాయి. మిగిలిన మూడు బావులకు సరిగ్గా చాలు. కానీ మాడన్ పంగుని నెలలో జరిగే అమ్మవారి పొంగలు పండక్కని విరుదునగరం బయలుదేరాడు, పండగయ్యాకే మళ్లీ తాపీ పడతానన్నాడు.

మద్రాసు వెళ్లిన డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మార్చి ముప్పైఒకటి దాటితే ఆ డబ్బు మనది కాదు, ఖర్చు కానిది వెనక్కి పోతుంది, కనుక మాడన్‌కు మూడు బావుల డబ్బూ అడ్వాన్సుగా ఇచ్చి రసీదు తీసుకో అని అందులో ఉంది. అనుమతి కాగితం మీద సంతకం కూడా పెట్టి పంపాడు.

చెల్లసామి ఆ కాగితాన్ని మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. లేవని గోడకు రూపాయలా? తక్కెడ ఎక్కని సరుకుకు రొక్కమా? చేయి రాలేదు. పైగా ఇంకో ఆశ. గాదెలో దాచిన విత్తనాల్లాగే ఖజానాలో కట్టిన డబ్బూ అదనుకు తీసుకోవచ్చు కదా, రైతు బిడ్డకు ఆ మాత్రం తెలియదా? డబ్బు నిజాయితీగా తిరిగి కట్టిన గుమాస్తాను చూసి పైవాళ్లు మురిసిపోయి, ఏప్రిల్‌లో అడగ్గానే ఇంకో వంద కలిపి ఇస్తారనుకున్నాడు. ఇరవైతొమ్మిదో తేదీన నాలుగువందల పన్నెండు రూపాయలూ ఖజానాలో కట్టి, చలానా తీసుకుని, ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పైవాళ్లు మురిసిపోయిన మాట నిజమే. గుమాస్తా పొదుపు మెచ్చదగిందని ఇంగ్లీషులో రెండు వాక్యాలు వచ్చాయి. చెల్లసామి దానికి అద్దం కట్టించి అక్క ఇంట్లో గోడకు తగిలించాడు. తాయమ్మాళ్ ప్రతి శుక్రవారం దాన్ని తుడిచి పసుపు బొట్టు పెట్టేది.

జూన్‌లో ఇంకో ఉత్తరం వచ్చింది. నాలుగువందల పన్నెండు రూపాయలు అక్కర లేకపోయాయి కనుక ఈ ఏటి గ్రాంటులో అంత మొత్తమూ తగ్గించామని రాశారు. డాక్టరు దాన్ని చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తిట్టి ఉంటే చెల్లసామి ప్రాణం కొంత కుదుటపడేది.

"మద్రాసులో మిగిలిన డబ్బును పొదుపు అనరయ్యా. అక్కర్లేని డబ్బంటారు" అన్నాడంతే.

మరుసటి ఏడు కరువు రోజులని సర్కారు అన్ని ఖర్చులూ కోసింది. ఇచ్చిన డబ్బే వాడుకోలేని పరిశోధన ఎందుకని దీన్ని మొదటే కోసేసింది. బోర్డు దిగింది. డాక్టరు మద్రాసు రైలెక్కాడు. మూడు బావులు మెట్లతోనే ఉండిపోయాయి. చెల్లసామి మళ్లీ విరుదునగరం తక్కెడ ముందుకే చేరాడు. అక్కకు మాత్రం సర్కారులో డబ్బు అయిపోయిందని చెప్పాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

1935లో తాయమ్మాళ్‌కు మూడోసారి కురుపు లేచింది. ఈసారి మోకాలి వెనక. పత్తి ఏరే రోజులు, ఇంట్లో కూర్చునే వీలు లేదు. చేలో పనిలో పుల్ల ఊడి పురుగు లోపలే తెగిపోయింది. కాలు వాచి, చీము పట్టి, చివరికి మోకాలు వంగిపోయి బిగుసుకుంది. చెల్లసామి వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని కుంటుతూ వచ్చి, శుక్రవారం కనుక ఆ అద్దం తుడుస్తోంది.

"చెల్లసామీ, ఈ కాయితంలో ఏమి రాసుండాది? ఐదేండ్లుగా తుడస్తా ఉండాను. ఒకపారి చదివి చెప్పప్పా."

చెల్లసామి ఇన్నాళ్లూ దాచింది ఇక దాచలేకపోయాడు.

"నన్నూట పన్నెండు రూపాయలు కర్చు చెయ్యకుండా తిరిగి కట్టినానంట. మంచి పనంట."

"అది ఎవురి దుడ్డు?"

"బాయిలకు గోడలు కట్టను వచ్చిన దుడ్డక్కా. మూడు బాయిలకు చాలేది. కడాపటిది మనది."

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "మనది కడాన పెట్టింది ఎవురు?"

"నేనే. సొంతూరికి ముందుగా కట్టుకున్నాడని నలుగురూ అంటారని."

తాయమ్మాళ్ వంగిన కాలు చేత్తో పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది.

"ఆ నలుగురిలో ఒకరన్నా నాకు దినమూ ఒక కుండ నీళ్లు తెచ్చిపోస్తారేమో, అడిగి చూడప్పా."

చెల్లసామి కళ్లు తుడుచుకోకుండానే మూలనున్న కుండ తీసుకుని వెళ్లాడు. బావికి ఇరవైమూడు మెట్లు. అడుగున కాలికి గుడ్డ కట్టుకున్న ఒకావిడ మోకాలి లోతు నీళ్లలో నిలబడి కుండ ముంచుకుంటోంది. అతన్ని చూసి కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. అతను పంచె పైకి చెక్కుకుని ఆమె పక్కనే నీళ్లలోకి దిగాడు.