కుముదినికి పెళ్ళి చేసిన చిన్నమణి

గుడియాత్తం నెల్లూరుపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు తెలుగులో తిట్టుకుంటారు, తెలుగులో ఏడుస్తారు, అంగడికి పోతే అరవంలో బేరమాడతారు. తెలుగు అక్షరాలు కంటబడితే మటుకు జాంగిరీల తట్టను చూసినట్టు చూస్తారు. ఆ వీధి మొత్తానికి తెలుగు చదవడం వచ్చింది చిన్నమణి ఒక్కదానికే. వాళ్ళ నాయన వెంకటాద్రి పరదరామినించి చిత్తూరికి వేరుశనక్కాయల బండ్లు తోలే కాలంలో, కూతుర్ని అక్కడ చెల్లెలింట్లో పెట్టి అయిదో తరగతి దాకా చదివించినాడు. తర్వాత తీసుకొచ్చి గుడియాత్తంలో లుంగీలు నేసే చిన్నస్వామికి ఇచ్చినాడు. ఆ చదువుకు ఇక్కడ పనేమీ లేకపోయింది. పదేండ్లపాటు ఆమె ఆకు కత్తిరించి, పొగాకు పోసి, దారం చుట్టింది.

1952 ఎండాకాలంలో బస్టాండు అంగట్లో మద్రాసునించి వచ్చిన తెలుగు వారపత్రిక ఒకటి వేలాడతా కనబడింది. చిన్నమణి దాన్ని కొనుక్కోనొచ్చి, ఎదురింటి పొన్నమ్మ అరుగు మీద అందరూ చేటలు ముందేసుకుని కూర్చున్నప్పుడు అందులో సీరియలు మొదటి భాగం పైకి చదివింది. ఆ పూటతో అరుగుకు జబ్బు పట్టుకునింది.

రాసే ఆయన పేరు వసంతదూత. కథలో ప్రభాకరం మద్రాసులో లాయరు. కుముదిని బెజవాడనించి వచ్చి ఎదురుమేడలో దిగిన పిల్ల. ఆయన కిటికీలో ఆయన, ఈమె కిటికీలో ఈమె, నడుమ రోడ్డు. మొదటి నాలుగు వారాలూ కిటికీలు తెరుచుకోవడానికే సరిపోయినాయి. పద్నాలుగో వారానికి ప్రభాకరం రోడ్డు దాటినాడు.

బేస్తవారం మధ్యాన్నం చదువు. చదివేటప్పుడు చేతులు ఆడవు కాబట్టి చిన్నమణి వంతు బీడీలు తలా కొన్ని చుట్టి ఆమె చేటలో వేసేవాళ్ళు. సరిగ్గా ఆ సమయానికే ఎదురింట్లో చిన్నస్వామి మగ్గానికి దారం తెగేది. కథలు ఆడవాళ్ళకు అనే మనిషి, తెగిన దారాన్ని గంటసేపు చప్పుడు కాకుండా అతుక్కుంటా ఉండేవాడు.

పంతొమ్మిదో వారం ప్రభాకరం కుముదిని జడ వైపు చెయ్యి చాపినాడు. అక్కడితో ఆగిపోయింది. ఆ వారమంతా అరుగు మీద ఇంకో మాట లేదు. తరవాత వారం తెలిసింది, చెయ్యి చాపింది ఆమె మల్లెపూల మీద పాకే చీమను తీసేదానికని.

పొన్నమ్మ ఆ అరుగు యజమానురాలు, యాభై ఎనిమిదేండ్ల మనిషి, ఇద్దరు మొగుళ్ళను సాగనంపింది. ఆమె కత్తెర కింద పెట్టింది.

"చీమనా," అనింది. "వారం దినాలు నాకు నిద్ర లేకుండా చేసి, చీమనా."

"ఆ రాసేటోడికి పెండ్లయిందో లేదో కనుక్కోండి," అనింది మేరి. మేరి తోళ్ళ షాపులో పనిచేసే ఏసుదాస్ పెండ్లాము. ప్రతి ఆదివారం గుడికి పోయి, అందరితో పాటు కుముదిని కోసం కూడా మొక్కుకునేది.

అంతకంటే పెద్ద దెబ్బ సంక్రాంతి దాటినాక పడింది. మద్రాసు మనదే అని తెలుగువాళ్ళు ఊరేగింపులు తీస్తా ఉన్న రోజులు. ప్రభాకరం ఒక మీటింగుకు పోయి, తిరిగొచ్చి, పట్నం ఆంధ్రులది అయ్యేదాకా కుముదిని మెడలో తాళి కట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కుముదిని కండ్లొత్తుకోని, గర్వంగా ఉందని చెప్పింది.

"పట్నానికీ దీని మెడకీ ఏమి సంబంధమే?" అని పొన్నమ్మ అడిగింది.

ఆ వీధిలో ఎవరికీ మద్రాసు ఎవరిదైనా పట్టింపు లేదు. సగం మంది ఆ ఊరి ముఖమే చూసినవాళ్ళు కారు. అయినా కుముదిని కోసం అరుగంతా మద్రాసు ఆంధ్రాకే రావాలని తీర్మానించింది. పొన్నమ్మ పక్కింటి అరవామెతో దీనిమీద జగడమాడి, రెండు నెలలు పెరుగుతోడు అడగలేదు.

అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధానిగా. పట్నం రాలేదు. చిత్తూరు ఆ పక్కకు పోయింది, గుడియాత్తం ఈ పక్కనే నిలిచిపోయింది.

"అయితే మనం యాడ ఉండాము?" అని మేరి అడిగింది.

"ఉన్న చోటే," అనింది చిన్నమణి.

"మన సంగతి పోనీ. కుముదిని గతేమి?" అనింది పొన్నమ్మ.

ఆ పై వారం పత్రికలో సీరియలే లేదు. రచయిత స్వల్ప అస్వస్థతతో వేలూరు ఆసుపత్రిలో విశ్రాంతి తీసుకుంటున్నారని రెండు లైన్లు వేసినారు. చిన్నమణి చదివి ముగించేలోపల పొన్నమ్మ చేట పక్కకు తోసి చీర సర్దుకునింది. మేరి ఆడబిడ్డ ఆ ఆసుపత్రిలోనే గుడ్డలుతికే చోట పని. ఆయన పడక యాడుండాదో రెండు దినాల్లో చెప్పి పంపింది, జబ్బేమిటో కూడా చెప్పింది. స్వల్ప అస్వస్థత మూలవ్యాధి.

పొన్నమ్మ, మేరి, చిన్నమణి ముగ్గురూ బస్సెక్కి వేలూరు పోయినారు, కమలాపండ్లు కొనుక్కోని. వసంతదూత అసలు పేరు వేణుగోపాల్. సన్నటి మనిషి, బట్టతల. ఆపరేషనై నాలుగు దినాలు, బోర్లా పడుకోని ఉన్నాడు. దిండులోనించి ఒక కన్ను పైకెత్తినాడు.

"ఎవరమ్మా మీరు?"

"కుముదిని తరఫువాళ్ళము," అనింది పొన్నమ్మ.

ఆయన ఆ కన్ను మూసుకున్నాడు. పారిపోయేదానికి వీలయ్యే స్థితి కాదు.

"ఆ ఒట్టు ఎందుకు పెట్టించినావు నాయనా?"

"అప్పుడు అందరూ ఊగిపోతున్నారమ్మా. నేనూ ఊగాను. పట్నం వచ్చేస్తుందనుకున్నాను."

"రాలేదు గదా."

"రాలేదు," అన్నాడాయన. "ఇప్పుడు కడితే ఒట్టు తప్పినవాడు, కట్టకపోతే దుర్మార్గుడు. ఎటూ దారి లేదు. రేపటికల్లా భాగం మద్రాసు చేరాలి. కూర్చోలేను, రాయలేను."

చిన్నమణి అప్పటిదాకా మంచం కోడు పట్టుకోని నిలబడి ఉండింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరు చెప్పండి. నేను రాస్తాను."

పదేండ్ల తర్వాత పట్టుకున్న కలం. మొదటి రెండు లైన్లు కోడి గీరినట్టు వచ్చినాయి, తర్వాత చెయ్యి దారికొచ్చింది. ప్రభాకరం సముద్రం ఒడ్డున నిలబడినాడు. చంద్రుడు లేచినాడు. చంద్రుడికి ఒక పేజీ, అలలకు ఇంకో పేజీ. ఆ అలల నడుమనే మందు మత్తుకు వేణుగోపాల్ గురక పెట్టినాడు.

చిన్నమణి ఆ రెండు పేజీలూ చూసుకునింది. డెబ్బై వారాలు. ఈ మనిషి లేస్తే మళ్ళీ చీమనో దోమనో తెస్తాడు. ఆమె కొత్త కాగితం తీసుకునింది. ఆ కథలో మొదటినించీ కుముదిని ఇంటికి జాబులు తెచ్చే తపాలా బంట్రోతు ఒకడుండేవాడు, అప్పలకొండ. ప్రతి భాగంలోనూ సైకిలు దిగి, మంచినీళ్ళు తాగి, పోయేవాడు.

"వాడైతే రోజూ వస్తాడు," అనింది మేరి మెల్లిగా.

చిన్నమణి రాసింది. కుముదిని సముద్రం ఒడ్డుకు పోయి, "మీరు పట్నాన్నే పెళ్ళి చేసుకోండి, అది మిమ్మల్ని చేసుకుంటుందేమో అడగండి," అని ప్రభాకరానికి చెప్పి తిరిగొచ్చింది. మర్నాడు అప్పలకొండకు నీళ్ళ చెంబిస్తా, "నీకు పెళ్ళయిందా?" అని అడిగింది. వాడు చెంబు వదిలేసినాడు. ఆ చెంబు వదిలే ముక్క మటుకు పొన్నమ్మ అందించింది.

కవరంటించేటప్పుడు ఆయనకు మెలకువొచ్చింది. "అయిందా అమ్మా?"

"అయిందండీ."

"ఒకసారి చదివి వినిపించు."

"బస్సుకు టైమయిందండీ," అనింది చిన్నమణి. పోయేముందు పేరూ వీధీ అడిగితే చెప్పింది. అబద్ధం చెప్పే అలవాటు అప్పటికి లేదు.

వేలూరులోనే డబ్బాలో వేసేసి వచ్చినారు. బస్సులో పొన్నమ్మ కమలాలు వొలుచుకుని తింటా కూర్చునింది, ఆయనకివ్వడం మర్చిపోయినవి. చిన్నమణి మాత్రం ఎవరింట్లోనో పిల్లను లేవదీసుకొచ్చినట్టు వెనక్కి తిరిగి తిరిగి చూసుకునింది.

అది అట్లే అచ్చయింది. చిన్నమణి చదువుతుంటే చిన్నస్వామి దారం ముచ్చట మర్చిపోయి వీధిలోకొచ్చి నిలబడినాడు. పదిదినాలకు కార్డొచ్చింది. "అమ్మా, నా కొంప ముంచావు. ఉత్తరాలు గోతాలలో వస్తున్నాయి. సగం మంది నన్ను ఉరితీయమంటున్నారు, సగం మంది ముహూర్తం ఎప్పుడంటున్నారు. ఎడిటరు సాగించమన్నాడు. తపాలా బంట్రోతు గురించి నాకేమీ తెలియదు. వాడేం తింటాడు, ఎక్కడుంటాడు, వెంటనే రాయగలవు."

ఆమె తమ వీధికి జాబులిచ్చే అరవాయన్ని కూర్చోబెట్టి, కాళ్ళ ఆనెల నుంచి కుక్కల దాకా అడిగి తెలుసుకుని జవాబు రాసింది. అట్లా వారానికొక కార్డు. ఆయన వాటిని సాగదీసి, మధ్యలో చంద్రుణ్ణి ఇరికించి వేసేవాడు.

ఏడాది గడిచింది. అప్పలకొండ ఇంకా గడప దాటి లోపలికి రాలేదు.

"మే చిన్నమణీ," అనింది పొన్నమ్మ ఒక బేస్తవారం. "నువ్వు గూడా చీమల్ని తెస్తాండావే."

అది నిజమే. ప్రతిసారీ వాళ్ళిద్దర్నీ దగ్గరికి తేవాలనే కార్డు మొదలుపెట్టేది. తెచ్చేస్తే తర్వాత బేస్తవారానికి ఏముంటుందని చెయ్యి ఆగేది. పైగా ఆమెకు తెలిసిన పద్ధతి అదే. పెండ్లయిన ఆరు నెలలు చిన్నస్వామి ఆమెతో "నీళ్ళు" అనే మాట తప్ప అనలేదు. ఏడో నెలలో ఒక దినం మగ్గం మీదినించి తల తిప్పకుండానే, "నువ్వు తిన్నావా?" అన్నాడు. ఆ పూట ఆమె ఆకు కత్తిరించిన కొలత ఒక్కటీ సరిగ్గా రాలేదు.

ఆ సంగతే కార్డు మీద రాసి పంపింది, పేర్లు మార్చి. 1955 ఉగాది సంచికలో అప్పలకొండ సైకిలు గోడకానించి, గడప లోపలికి వచ్చి, కుముదినిని "అన్నం తిన్నారా?" అని అడిగినాడు. ఆ పై వారం పెళ్ళి. ఆ పూట అరుగు మీద ఎవరూ ఒక్క బీడీ కూడా చుట్టలేదు. ఎదురింట్లో మగ్గం మటుకు మామూలు కంటే గట్టిగా ఆడింది.

చివర వసంతదూత "సహకరించిన గుడియాత్తం పాఠకులకు కృతజ్ఞతలు" అని ఒక్క లైను వేసినాడు. చిన్నమణి దాన్ని చదివేటప్పుడు "పొన్నమ్మగారికి, మేరిగారికి" మొదలుకుని అరుగు మీదున్న పదకొండుమంది పేర్లూ చేర్చి చదివేసింది. అబద్ధం ఇప్పుడు బాగా అలవాటు.

"నా పేరు యాడుండాది, చూపించు," అనింది పొన్నమ్మ. చిన్నమణి పేజీ అడుగున లావుపాటి అక్షరాల మీద వేలు పెట్టింది. పొన్నమ్మ ఆ ముక్క కత్తిరించి డబ్బాలో దాచుకునింది. దాచుకున్నది ఊరుకోకుండా, తన పేరు తానే చదువుకోవాలని అక్షరాలు నేర్పమనింది. అరవై దాటిన మనిషికి ఇవి ఎక్కేనా పెట్టేనా అని చిన్నమణి నిశ్చింతగా మొదలుపెట్టింది.

పదకొండు నెలల్లో ఎక్కినాయి. ఒక దినం పొన్నమ్మ ఆ కాగితం విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కోని చదివింది. "గజ్జి, తామరలకు తిరుగులేని లేపనము."

మూడు దినాలు చిన్నమణితో మాట్లాడలేదు. నాలుగో దినం బేస్తవారం. కొత్త సీరియలు మొదలైన పత్రికను చిన్నమణి చేతిలోనించి లాక్కోని, "ఇంక నీ నోటిని నమ్మేది లేదు, నేనే చదువుతా," అని అరుగు నడుమ కూర్చునింది. ఒక్కో పేజీకి గంట పట్టింది. ఆ కథలో నాయిక తలుపు తీసేలోపల పొద్దు గుంకింది. చిన్నమణి చాన్నాళ్ళ తర్వాత తన వంతు బీడీలు తానే చుట్టుకుంటా వినింది.