ఎక్కడ ఆగావని అడగమన్న మేడం

వేడెక్కిన కంప్యూటర్ నుంచి దుమ్ము వాసన వస్తే నా కాళ్ళు ఇప్పటికీ చెప్పులు విడవబోతాయి. హిందూపురంలో మా కాలేజీ కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్ళనిచ్చేవారు కాదు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ ఏళ్ళలో, ఇంటర్నెట్‌లో కోర్సులు తయారుచేసి నడపడం టీచర్లకు నేర్పడానికి పెనుకొండ నుంచి వసుంధర మేడం బస్సులో వచ్చేవారు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న నాకు ఈవిడ కొత్తగా నేర్పేదేముందిలే అన్న ధీమాతోనే వెళ్ళి కూర్చున్నాను.

నా తొలి కోర్సు పదో తరగతి లెక్కలు. చదువు మధ్యలో మానేసిన ధర్మవరం ఆడవాళ్ళ కోసం. మగ్గం వదిలి బడికి రాలేరు కనుక, తీరిక దొరికినప్పుడు నెట్ సెంటర్‌కు వెళ్ళి చదువుకునేవారు. వాళ్ళకు మరో దారి లేదు. మొదటి పరీక్షలో సగం మందైనా పాసు కాకపోతే కోర్సు ఎత్తేస్తామని యాజమాన్యం ముందే చెప్పేసింది. పాఠం పెట్టినప్పుడల్లా మర్నాడు "అర్థమైందా?" అని మెయిల్ పంపేదాన్ని. అందరూ అర్థమైంది మేడం అని జవాబిచ్చేవారు. పొంగిపోయి ఆ జవాబులన్నీ వసుంధర మేడంకు చూపించాను. ఆమె మెచ్చుకోలేదు సరికదా, ధర్మవరం వెళ్ళి వాళ్ళలో ఎవరో ఒకరి పక్కన నోరు మూసుకుని కూర్చోమన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను.

అక్కడి నెట్ సెంటర్‌లో, పట్టుచీరలు నేసే లక్ష్మి పక్కన కూర్చున్నాను. ఆమె తెరమీద కనిపించినంతవరకూ శ్రద్ధగా చదివింది. చదివి, మళ్ళీ మొదటికే వచ్చింది. పాఠం కింద ఇంకా ఉందని, జరిపితే కనిపిస్తుందని ఆమెకు తెలియనే తెలియదు. ఎవరం చెప్పలేదు. మరి అర్థమైందని ఎందుకు రాశావని అడిగాను.

"మీరంత కష్టపడి చెప్తాంటే కాలేదని ఎట్ల చెప్పేది మేడం? మీ మనసు నొచ్చుకోదా?" అంది.

తిరిగొచ్చి చెబితే వసుంధర మేడం నవ్వలేదు. "మనోళ్ళు మర్యాదకు అయిందనే అంటారమ్మా. అయిందా అని అడగొద్దు. యాడ ఆగినావని అడుగు," అన్నారు.

అలాగే అడిగాను. ఆ వారం జవాబుల వరద. భిన్నాల దగ్గర ఆగినాను, గుణకారం దగ్గర ఆగినాను అని ఒక్కొక్కరూ రాశారు. కిందికి జరపడం నేర్చుకున్న లక్ష్మి రెండో పేజీలో ఆగినానని రాస్తే నాకెంత సంతోషమైందో చెప్పలేను. పాఠాలన్నీ చిన్న ముక్కలు చేసి మళ్ళీ రాశాను. పరీక్షలో సగానికి పైగా గట్టెక్కారు, లక్ష్మి కూడా. కోర్సు నిలబడింది.

మేడంను చివరిసారి పెనుకొండలో వాళ్ళింట్లో చూశాను. మంచం పట్టి ఉన్నారు. వచ్చినవాళ్ళందరూ ఎలా ఉన్నారని అడుగుతున్నారు, ఆమె అందరికీ బాగుండానని చెప్పి పంపుతున్నారు. నేనూ అదే అడగబోయి ఊరుకున్నాను. వాళ్ళంతా వెళ్ళాక దగ్గరగా జరిగి, "యాడ నొస్తాంది మేడం?" అన్నాను.

ఆమె నా చెయ్యి తీసుకుని తన నడుము మీద పెట్టుకుని ఏడ్చారు. అప్పటి నుంచి ఎవరైనా బాగున్నామంటే, సరేనని లేచి రావడం నాకు చేతకాదు.