ఈడ సరే, ఆడ?

చెన్నైలో, పింఛను సొమ్మును కంపెనీల బాండ్లలో పెట్టే ఆఫీసులో, నా మొదటి ఉద్యోగంలో మా మేడమ్‌కి ఒక అలవాటుండేది. సాఫ్ట్‌వేర్ ఏ బాండుకు కొనొచ్చని పచ్చరంగు చూపించినా, స్క్రీన్ మీద వేలు ఆనించి, "ఈడ సరే, ఆడ?" అనేవారు. ఆడ అంటే, మన దగ్గర అప్పు తీసుకునే కంపెనీ గుమ్మం.

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని జార్జి టౌన్‌కు బస్సులో వెళ్లారు. అలా పచ్చరంగు వచ్చిన ఒక కంపెనీ గోడౌన్‌కు తాళం వేసి ఉంది. తాళం తుప్పుపట్టి ఉంది.

మర్నాడు పెద్దసారు విసుక్కున్నాడు. "సాఫ్ట్‌వేర్ పాస్ చేసేసిందమ్మా, ఇంకా నీ సందేహమేంటి? సంతకం పెట్టు."

"రిటైరైనోళ్ల దుడ్డు సార్ అది. పోతే, వాళ్లు ఈడికొచ్చి నన్ను గదా అడిగేది?"

"పెట్టకపోతే నీ సీటు ఉండదు."

మేడమ్ తన పెన్ను తీసి కంప్యూటర్ ముందు పెట్టారు.

"అయితే దాన్నే పెట్టమనండి సార్."

సాయంత్రం దాకా ఆ పెన్నును ఎవరూ ముట్టలేదు.