విమానం ఇంకా సముద్రం మీదే ఉంది

దయ్యాల కథలంటే నాకు నవ్వు. మండపేట రైస్‌మిల్లుల్లో మోటార్లు బాగుచేసి బతికేవాణ్ణి. కంటికి కనపడనివాటిలో ఒక్క కరెంటుకు తప్ప దేనికీ భయపడలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా భయంతో కాదు, కడుపుమంటతో.

మా అక్క సత్యవేణి మస్కట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. బావగారు సూరిబాబు బస్తాలు దించుతూ లారీ మీద నుంచి పడి నడుం పోగొట్టుకుంటే, సంసారం కోసం ఆమె వెళ్లింది. అది బావగారి అన్నకి, అంటే మా పెద్దబావగారికి, మొదటి నుంచీ గిట్టలేదు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం బావగారు గుండెపోటుతో పోయారు. అక్క యజమానురాలు మంచిది. పాస్‌పోర్టు చేతికిచ్చి మర్నాడు పొద్దుటి విమానానికే ఎక్కించింది.

మస్కట్ నుంచి హైదరాబాద్‌కి రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు. విమానంలో మూడు గంటలు. అక్కడి నుంచి మా దగ్గర్లోని మధురపూడి విమానాశ్రయానికి ఇంకో విమానం, ఓ గంట. హైదరాబాద్‌లో బస్సెక్కితే మండపేట రావడానికి రాత్రంతా పడుతుంది. పొద్దు గుంకేలోపే అక్క వచ్చేస్తుందని, ఆఖరి చూపు కోసం అంతవరకు ఆపమని పెద్దబావగారిని బతిమాలాను. ఫోనులో విమానం కదులుతున్న మ్యాపు కూడా చూపించబోయాను.

ఆయన ఫోను వంక చూడనే లేదు. “దేశాలు పట్టుకు తిరిగేదాని కోసం శవాన్ని పెట్టుకు కూర్చోమంటావేంటయ్యా?” అన్నారు.

అక్కడున్నవాళ్లలో సగంమంది ఇళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లున్నారు. ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు. అయినా తలో చెయ్యీ వేసి పాడె కట్టారు.

మధ్యాహ్నానికి పాడె లేచింది. మాలో ఆడవాళ్లు శ్మశానానికి రారు, వీధి చివరే ఆగిపోయారు. కాలవ గట్టు మీద దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. అక్కడ అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి. ఏ మూలో ప్రాణం ఉంటే పలుకుతాడని ఆశ. పెద్దబావగారు వంగి తమ్ముణ్ణి పేరుపెట్టి మూడుసార్లు పిలిచారు.

ఆయన లేచి నిలబడ్డాక ఒక ఆడగొంతు వినపడింది.

“ఏవండీ.”

కాస్త ఆగి మళ్లీ. ఇంకోసారి. అక్క బావగారిని ఎప్పుడూ పేరుతో పిలవలేదు. ఆ పిలుపు నాకు బాగా తెలుసు. గట్టు మీద ఆడమనిషన్నది లేదు. ఫోను తీసి చూశాను, కాల్ ఏదీ లేదు. మ్యాపులో విమానం ఇంకా అరేబియా సముద్రం మీదే ఉంది.

నేనొక్కణ్ణే విన్నానంటారేమో. డప్పు ఆగిపోయింది. మోసేవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. పెద్దబావగారి ముఖం పాలిపోయింది. ఆగుదామండీ అని నేను పాడె పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి విడిపించి, “ఎత్తండ్రా” అన్నారు.

పొద్దుండగానే అక్క కారు దిగింది. అప్పటికి చితి ఇంకా చల్లారలేదు. అక్క ఏడవలేదు. విమానంలో ఉన్నట్టుండి ఒళ్లు జల్లుమందట, కళ్లు మూసుకుని మూడుసార్లు బావగారిని పిలిచిందట. పక్క సీటావిడ కంగారుపడి మంచినీళ్లు తాగించిందట. గట్టు మీద మేం విన్న సంగతి ఆమెకి ఎవరం చెప్పలేదు.

అంతా చెప్పి పెద్దబావగారి వైపు తిరిగింది.

“ఆయనకి వినపడలేదు, సరేనండి. మీకు వినపడింది కదా?”



ఆ గొంతు సముద్రం దాటి కాలవ గట్టు దాకా ఎలా వచ్చిందో నేను ఇవాళ్టికీ చెప్పలేను. మనిషి రావడానికి ఒక్క పూట చాలు. ఆ పూట ఇవ్వలేదు.