తలెత్తకుండా చూపించిన బస్సు

ఈ పొద్దు మధ్యాహ్నం మా చెల్లెల్ని బస్సెక్కించి తిరిగొస్తాంటే, నంద్యాల బస్టాండులో ఒక ముసలామె అడిగింది: "ఆళ్లగడ్డ బస్సు యాడుంది నాయనా?" ఫోన్లోంచి తలెత్తకుండా ఎదురుగా ఉన్న బస్సు చూపించినా. ఆమె ఎక్కింది. బస్సు కదిలినాక బోర్డు చూస్తే ఆత్మకూరు! బైకు మీద వెంటపడితే, ఊరి చివర ఆమె రోడ్డు పక్కన దిగి నిలబడుంది.

"నువ్వు చూడకుండానే చెప్పినావ్. అందుకే కండక్టర్ని మళ్లీ అడిగినా," అని నవ్వింది.

చదువు రాని మా అవ్వ కూడా ముగ్గుర్ని అడిగితేగానీ బస్సెక్కేది కాదు. పక్కనుండే నాకు సిగ్గేసేది. "అడిగేదానికి సిగ్గేందిరా?" అని కసిరేది.

ఆమెను వెనక్కి తీసుకొచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కించినా. అయినా మనసు కుదురుగా లేదు. ఆమె మళ్లీ అడగకపోయుంటే? మీ ఇండ్లలోనూ ఇట్లా అందర్నీ అడిగే అవ్వలుండారా?