తొండిని ఏ గడిలో రాయాలి

తార్నాకలో గైడ్లు అచ్చువేసే ఒక సంస్థలో, బోర్డు ఆటల సెక్షన్‌కు నన్ను చెకర్‌గా మార్చింది ఒక జూన్ నెల మొదటి సోమవారం. అప్పటికి నా స్వచ్ఛంద విరమణకు ఇంకా నాలుగేళ్ళుంది. అంతకుముందు పదకొండేళ్ళు అక్కడే లెక్కల గైడ్లలో జవాబులు సరిచూసేవాణ్ణి. నా చదువు ఇంటర్‌తో ఆగింది. సంభావ్యత లెక్కలు మాత్రం పాత పుస్తకాలు కొనుక్కుని, సాయంత్రాలు సీతాఫల్‌మండి స్టేషన్లో రైలు కోసం కాచుకునే అరగంటల్లో సొంతంగా నేర్చుకున్నాను. ఆటల సెక్షన్లో అది పనికొస్తుందని పైవాళ్ళు అనుకున్నారు.

సెక్షన్ అంటే ముగ్గురం. పైన ఎడిటర్ మూర్తిగారు, కాకినాడ మనిషి. ఆయన కింద డిజైనర్ పద్మజ, అనంతపురం నుంచి వచ్చింది. ఆమె కింద నేను, వయసులో ఆమెకంటే పదిహేనేళ్ళు పెద్దవాణ్ణి. డిజైనర్ ఆటను ఊహిస్తుంది. చెకర్ దాన్ని వందసార్లు ఆడి, ఎవరికి ఎంత అవకాశం ఉంది, ఆట ఎక్కడ ఆగిపోతోంది, ఏ నియమానికి రెండర్థాలు వస్తున్నాయి అని రాసిస్తాడు. ఎడిటర్ అచ్చుకు పంపుతారు, లేదా తిప్పి పంపుతారు.

అచ్చుకు ముందు చివరి మెట్టును మేం 'మూగ పరీక్ష' అనేవాళ్ళం. పెట్టెనూ నియమాల కాగితాన్నీ నలుగురి ముందు పెడతాం. వాళ్ళే చదువుకుని ఆడాలి. మేం గోడవారన నిలబడి చూడాలి, నోరు విప్పకూడదు. పెట్టె కొనుక్కున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి మేం వివరించలేం కదా. ప్రతిసారీ ముగ్గురు కొత్తవాళ్ళు ఉండాలి, పోలిక కోసం ఒకరు పాతవారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో లైబ్రరీని ఆనుకుని ఉన్న ఒక పాత క్లాసు గదిని మాకు ఇందుకోసం ఇచ్చేవారు.

పద్మజ తయారుచేసిన ఆట పేరు 'సీతాఫలం'. గవ్వలు వేస్తూ తోట నుంచి మండీకి బండి తోలాలి. బండిలో ఒక బిళ్ళ బోర్లించి ఉంటుంది. దాని అడుగున పండు బొమ్మ ఉండొచ్చు, పచ్చికాయ బొమ్మ ఉండొచ్చు; అది బండి తోలేవారు మాత్రమే చూసుకోవచ్చు. మండీలో బిళ్ళ తిప్పాలి. పండైతే అమ్ముడుపోయినట్టు, కాయైతే మూడు గళ్ళు వెనక్కి. ముందుగా ఐదు పండ్లు అమ్మినవారిది గెలుపు. ఆమెకు అది మూడో ఆట. మొదటి రెండూ మూగ పరీక్షలోనే తిరిగొచ్చాయి. ఇది కూడా తిరిగొస్తే సెక్షన్ మూసేసి ఆమెను ప్రశ్నల బ్యాంకు ప్రూఫులు దిద్దే చోట వేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. కాలేజీలో లెక్చరర్ పని మానుకుని ఆటల కోసం వచ్చిన మనిషి ఆమె. ఆ కాగితాన్ని బొమ్మలు గీసే అట్ట కింద పెట్టుకుంది.

మొదటి పరీక్ష ఆగస్టులో జరిగింది. నా పట్టికలో ఐదు గళ్ళున్నాయి: నియమాల కాగితం మళ్ళీ తెరిచిన సార్లు, ఒక్కో వంతుకు పట్టిన సెకన్లు, తమ వంతు కానప్పుడు ఫోను చూసిన సార్లు, లైబ్రరీవాళ్ళు వచ్చి మెల్లగా మాట్లాడమన్న సార్లు, చివరగా 'తప్పులు'. ప్రతిదానికీ పక్కన టైము వేసేవాణ్ణి. ఆడినవాళ్ళు ముగ్గురు పరిశోధక విద్యార్థులు, నాలుగో మనిషి లైబ్రరీ అటెండరు ఎల్లయ్య. ఎల్లయ్య మండీ చేరగానే బిళ్ళ తిప్పకుండా అమ్మిన కుప్పలోకి జారవిడిచి, "పండే, పండే" అంటూ గవ్వలు పక్కవాడి చేతిలో పెట్టేశాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి "తొండి" అంది. ఆ తర్వాత అందరూ అదే పని మొదలుపెట్టారు. ఆట ముగిసేసరికి తొండి అన్న మాట పదిహేడుసార్లు వినబడింది. పదిహేడునూ 'తప్పులు' గడిలో వేశాను.

ఆ వారం కూర్చుని ఆరు నియమాలు రాశాను. బిళ్ళను కుడిపక్కవారికి చూపాలి, చూసినవారు సాక్షి బిళ్ళ వేయాలి, సాక్షి తప్పు చెబితే ఒక వంతు పోతుంది, ఇలా. ఎనిమిది నియమాలు పద్నాలుగయ్యాయి. తొండికి సందు లేకుండా కట్టానని నాకు నమ్మకం. పద్మజ చదివి, ఒప్పుకుంది. నా లెక్కల మీద ఆమెకు అంత గురి.

సెప్టెంబరులో రెండో పరీక్ష. తొండి సున్నా, లైబ్రరీవాళ్ళు రావడం సున్నా. ఫోను చూడటం మాత్రం ఇరవైమూడు. ఆట ముగిసినప్పుడు ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు. పరీక్ష అయ్యాక మాట్లాడవచ్చు కాబట్టి ఎలా ఉందని ఎల్లయ్యను అడిగాను.

"మంచిగనే ఉన్నది సారు," అన్నాడు. "పరీక్ష రాసినట్టున్నది."

మూర్తిగారు నా పట్టిక చూసి, "తప్పులు లేవండీ, బానే ఉంది. మరి ఆటేదీ?" అన్నారు. మూడు వారాలు గడువిచ్చి, అదే చివరిదన్నారు.

మర్నాడు ఆఫీసు కింది టిఫిన్ సెంటర్లో పద్మజ రెండు పట్టికలూ బల్ల మీద పరిచింది. మొదటిసారి వాళ్ళు ఎక్కడెక్కడ నవ్వారని అడిగింది. నవ్వుకు గడి లేదని చెప్పాను. ఉన్నవాటిలో దగ్గరిది లైబ్రరీవాళ్ళు వచ్చిన గడి. నాలుగుసార్లు వచ్చారు. ఆ టైములను తొండి టైములతో జతచేసి చూశాను. నాలుగూ ఏదో ఒక తొండి తర్వాత అర నిమిషంలోపే ఉన్నాయి. మొదటి తొండికీ చివరి తొండికీ మధ్య ఎవరూ ఒక్కసారి కూడా ఫోను చూడలేదు. మళ్ళీ సరిచూశాను, అదే వచ్చింది. ఇడ్లీ చల్లారిపోయింది. ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అన్నా, దొంగను పట్టుకునేకి ఆరు నియమాలు పెట్టినావు నువ్వు," అంది పద్మజ. "ఆ దొంగతనమే లేకుంటే ఇంక ఆట యాడుంది?"

అక్కడే నా ఆరు నియమాలూ కొట్టేసింది. మండీ గురించిన పాత నియమాన్ని కూడా కొట్టి, దాని చోట ఒకటే రాసింది: మండీలో కాయని ఒప్పుకుని మూడు గళ్ళు వెనక్కి పోవచ్చు, లేదా బిళ్ళ తిప్పకుండా 'పండు' అనవచ్చు, ఎవరైనా 'తొండి' అనవచ్చు, అప్పుడు తిప్పి చూడాలి. కాయైతే అబద్ధమాడినవారు తోటకు తిరిగిపోవాలి. పండైతే తొండి అన్నవారు తమ పండ్లలో ఒకటి ఆ బండివారికి ఇవ్వాలి, పండ్లు లేకుంటే ఒక వంతు పోతుంది. పద్నాలుగు మళ్ళీ ఎనిమిదయ్యాయి. ఆటల పనిలో సొగసు అనేది దీన్నే. చదవకముందే చదివేవారికి తెలిసిన నియమం అది. తొండి అంటే ఏమిటో తెలుగు ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మిగిలిన పని నాది. బిళ్ళలు మొత్తం నలభై. కాయలు పదే ఉంటే ఎవరూ అనుమానించరు, ముప్పై ఉంటే ఎవరూ నమ్మరు. చివరికి కాయలు ఇరవైరెండు, పండ్లు పద్దెనిమిది పెట్టాను. కాయ వచ్చినప్పుడు ఇరవైరెండుకు నాలుగుసార్లు నిజం ఒప్పుకుని పద్దెనిమిదిసార్లు అబద్ధమాడితే, 'పండు' అన్న మాట సరిగ్గా సగం నిజం, సగం అబద్ధం. అక్కడ లెక్క చేతులెత్తేస్తుంది. ఆపైన ఎదుటి ముఖం చూడాల్సిందే.

మూడో పరీక్ష అక్టోబరులో. నలభై నిమిషాలకు ఎల్లయ్య నాలుగు పండ్లు అమ్మి మండీలో నిలబడ్డాడు. ఇంకొకటి అమ్మితే గెలుపు. బిళ్ళ పెట్టి, "పండు" అని కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురుగా నజ్మా అనే కెమిస్ట్రీ విద్యార్థిని. ఆమెకూ నాలుగే.

"చాచా, నీ మొకం గట్ల చెప్తలేదు," అంది.

"ముప్పై ఏండ్లసంది పుస్తకాలు దాచుకపోయెటోళ్ళ మొకాలు చూస్తున్న బిడ్డా. మొకం దాచుడు నాకు రాదా?"

నజ్మా నోరు తెరిచి మూసుకుంది. ఒక పండు పోతుందని భయం. అప్పుడు గోడవార నుంచి "తొండి" అని వినబడింది.

అన్నది మూర్తిగారు.

అందరూ అటు తిరిగారు. ఎల్లయ్య బిళ్ళ తిప్పాడు. పండు. లేచి వెళ్ళి మూర్తిగారి ముందు చెయ్యి చాపి, "నా పండు ఇయ్యి సారు," అన్నాడు. మూర్తిగారు నిజంగానే జేబులు తడుముకున్నారు. ఆ నవ్వుకు లైబ్రరీవాళ్ళు ఆ రోజు ఐదోసారి వచ్చారు. నజ్మా ఎవరినీ అడగకుండా గవ్వలు ఏరి, బళ్ళన్నీ మళ్ళీ తోటలో పెట్టేసింది. మెల్లగా మాట్లాడమనడానికి వచ్చిన లైబ్రేరియన్ మేడమ్ కుర్చీ లాక్కుని రెండో ఆటలో కూర్చున్నారు.

పట్టికలో తొండి పందొమ్మిది, ఫోను సున్నా, నియమాల కాగితం మళ్ళీ తెరిచింది రెండుసార్లు. పరీక్ష మధ్యలో ఎడిటర్ మాట్లాడారు, కాబట్టి నిబంధన ప్రకారం అది చెల్లదు. ఆ మాట రిమార్కుల్లో రాశాను. మూర్తిగారు దాని కింద సంతకం చేసి, వరండాలోనే పెట్టె మూత మీద 'అచ్చుకు' అని రాసి ఇంకో సంతకం చేశారు. సెక్షన్ నిలిచింది. పద్మజ అట్ట కింది కాగితం తీసి, వెనకవైపు ఖాళీగా ఉందని చూసుకుని, దాని మీద నాలుగో ఆటకు గళ్ళు గీయడం మొదలుపెట్టింది.

మొదటి పరీక్షలో నేను వేసిన పదిహేడు సరైన అంకె. దాని మీద రాసిన శీర్షిక తప్పు. ఆ తర్వాత విరమణ దాకా, అంకెను ఒకసారి సరిచూస్తే శీర్షికను రెండుసార్లు సరిచూశాను.