మామగారి మెదడు, నా ఎర్ర పెన్సిలు

1968 ఆగస్టు 18, ఆదివారం, సాయంత్రం అయిదు గంటలు. రాయచూరు జిల్లా తుర్విహాళకు రెండు మైళ్ల దూరంలో, తుంగభద్ర కాలువ కింద ఆంధ్ర రైతులు కట్టుకున్న మా క్యాంపు. స్థలం: మామగారి వసారా. హాజరైనవారు: మామగారు కోటయ్య, తలుపు వెనక అత్తగారు సీతారావమ్మ, బావమరిది ప్రసాదు, పక్క పొలం వీరరాఘవయ్యగారు, క్యాంపులోని మిగతా ఇళ్ల పెద్దలు, నేను. గైర్హాజరు: నా బుద్ధి.

ఆఖరి రెండు ముక్కలు ఆనాటి డైరీలో లేవు, ఇప్పుడు చేర్చాను. ఆ సాయంత్రం మా అత్తామామల ముప్పై ఆరేళ్ల కాపురానికి నేను గండి కొట్టబోయాను. కాలువకు గండి పడితే ఇసుక బస్తాలు వేసి పూడ్చవచ్చు. కాపురానికి వెయ్యడానికి మా ఆఫీసులో బస్తాలు లేవు.

అప్పట్లో నేను కాలువ ఆఫీసులో గేజి చూసే ఉద్యోగిని. నీటిలో నిలబెట్టిన కొలబద్ద మీద మట్టం ఎంతుందో రోజుకు మూడుసార్లు చూసి రాయడం నా పని. చూసి రాస్తే సరిపోతుందని మీరనుకుంటారు. నేననుకోలేదు. ఒకసారి చూసి, అవతలి గట్టుకు వెళ్లి మళ్లీ చూసి, రెండూ కలిస్తేనే రాసేవాణ్ని. కొలబద్దను అనుమానించాను, నీటిని అనుమానించాను, నా కళ్లను అనుమానించాను. నా చేతిలోని ఎర్ర పెన్సిలును మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. తప్పు కనిపించిన చోటల్లా దిద్దడానికి అది ఎప్పుడూ నా జేబులో ఉండేది.

మామగారు కృష్ణాతీరం నుంచి వచ్చి ఇక్కడ వరి వేసిన మొదటివాళ్లలో ఒకరు. మా పిల్లకాలువ కింద ఎవరి మడికి ఏ రోజు నీళ్లో చెప్పే పెద్దరికం ఆయనది. కాగితం లేదు, అంతా నోటిమీదే. ఆ ఏడాది నాట్లప్పుడు వీరరాఘవయ్యగారి గురువారాన్ని పొరపాటున ఇంకొకరికి ఇచ్చారు. నేను డైరీలో రాసుకున్నాను: "మతిమరుపు, ఒకటి." తర్వాత కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికారు. "రెండు." నన్ను పెద్దల్లుడి పేరుతో పిలిచారు. "మూడు." ఆ వారమే, వయసు మీద పడితే మెదడు చిక్కిపోతుందని ఒక పత్రికలో చదివాను. నాకింకేం కావాలి?

వీరరాఘవయ్యగారు ఊరుకోలేదు. "కోటయ్యగారూ, మీకు మతి తప్పుతోంది. నీళ్ల సంగతి నాకొదిలేసి విశ్రాంతి తీసుకోండి," అన్నారు.

మామగారు రోషం ఉన్న మనిషి. "డాక్టరు నా మెదడు తగ్గిందని రాసిస్తే ఆ రోజే దిగిపోతా. తగ్గలేదంటే మళ్లీ ఆ మాటెత్తకు," అన్నారు.

ఆయన పెద్దరికం అలా ఒక ఎక్స్‌రే ఫిల్ము మీద ఎక్కి కూర్చుంది.

హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఇప్పట్లా మనిషిని గుండ్రటి యంత్రంలోకి తోసి తియ్యడం కాదు. నడుములో సూది గుచ్చి, వెన్నులో నీరు కొంత తీసి, బదులుగా గాలి ఎక్కిస్తారు. ఆ గాలి తలలోకి పోయి మెదడు లోపలి గదుల్లో నిండుతుంది. ఫిల్ము మీద గాలి ఉన్నచోటు నల్లగా పడుతుంది. నలుపు ఎంత పెద్దదైతే మెదడు అంత తగ్గినట్టు. మామగారు మూడు రోజులు తల ఎత్తలేకపోయారు. "అల్లుడూ, నా తలలో ఎవరో బండి కట్టారు," అని మూలుగుతూనే ఉన్నారు. అంతా మీ మంచికేనని నేను ధైర్యం చెప్పాను. తలనొప్పి నాది కాదు కదా.

ఎక్స్‌రే డాక్టరు ఫిల్ము చూసి, మెదడు తగ్గిందని రాసిచ్చాడు. నాకు అనుమానం వచ్చి అక్కడే మరో డాక్టరు దగ్గరకు మామగారిని పంపి, నేను టీ తాగడానికి వెళ్లాను. ఆ డాక్టరు, వయసుకు తగ్గట్టే ఉంది, జబ్బేమీ లేదని రాసిచ్చాడు. ఒకటే తల, ఒకటే ఫిల్ము, రెండు తీర్పులు. పైగా రెండో కాగితంలో ఇంకో తప్పు: వయసు 68 అని ఉంది. మామగారికి యాభై ఎనిమిది. అది నా డైరీలో ఉంది, మొదటి ఫారంలో నేనే నింపాను. గుమాస్తా అజాగ్రత్తకు చిరాకుపడి ఎర్ర పెన్సిలు తీసి ఆరును అయిదుగా దిద్దాను.

ఆ దిద్దుబాటును గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

తగువు తీర్చడానికి రాయచూరులో ఎక్స్‌రేలు చూసే డాక్టరు నర్సింగరావుగారి దగ్గరకు వెళ్లాను. ముందటి కాగితాలు చూపించలేదు. ఒకడి గేజి అంకె చూసి ఇంకొకడు రాస్తే అది కొలతే కాదని మా ఆఫీసు నీతి. ఆయన ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టారు.

"ఉమర్ ఎంత?"

"యాభై ఎనిమిదండి."

"జర తగ్గింది సాబ్. యాభై ఎనిమిదికి గింత తగ్గొద్దు."

తగ్గిందన్నవాళ్లు ఇద్దరు, లేదన్నవాడు ఒకడు. తెలివైనవాడు అక్కడితో ఆగుతాడు. బస్సులో నాకు మరో అనుమానం పుట్టింది: ఈయన అందరికీ ఇదే మాట చెబుతాడేమో? మా ఆఫీసరు గేజి చూసేవాళ్లను పరీక్షించే పద్ధతి ఒకటుంది. పాత అంకె మూసేసి, అదే మట్టం మళ్లీ చదవమంటాడు. డాక్టరునూ అలాగే పట్టుకుందామనుకున్నాను. ఫిల్ము మూలన మామగారి పేరున్న ముక్కను కత్తెరతో కత్తిరించాను. వారం తర్వాత దాన్ని ప్రసాదు చేతికిచ్చి, "పేషెంటు చంద్రబండ ఊరి సాంబయ్య. వయసు డెబ్బై. అంతే చెప్పు," అన్నాను.

"బావా, అబద్ధం చెప్పాలంటే నాకు చెమటలు పడతాయి."

"రాయచూరులో అందరికీ పడతాయి. ఎవరికీ తెలియదు. పద."

నేను తలుపు అవతల డైరీతో నిలబడ్డాను. లోపలి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"పేషెంట్ ఎవరు?"

"మా నాన్న... అంటే, మా నాన్నలాంటి ఆయనండి. సాంబయ్య."

"ఉమర్?"

"డెబ్బై."

"డెబ్బైకి గిట్లనే ఉంటది. ఫికర్ లేదు."

ఇక ఆగలేకపోయాను. మైసూరు రాష్ట్ర పోలీసులంతా నా వెనకే ఉన్నట్టు లోపలికి అడుగుపెట్టి డైరీ తెరిచి చదివాను: "పోయిన శుక్రవారం పదకొండున్నరకు ఇదే ఫిల్ముకు తగ్గిందన్నారు. ఈ శుక్రవారం పదకొండుంపావుకు ఫికర్ లేదన్నారు. దీనికేమంటారు డాక్టరుగారూ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపం రాలేదు. అదే నాకు మొదటి అనుమానం కలిగించవలసింది.

"కూసో సాబ్. ఫిల్ము మూల కత్తిరించినవ్. పన్ను ఎట్ల కత్తిరిస్తవ్?" దవడ దగ్గర తెల్లగా మెరుస్తున్న చుక్క మీద వేలు పెట్టారు. మామగారి బంగారు పన్ను. "ఫిల్ము పెట్టెల వెట్టంగనే ఎరికైంది. ఏం నాటకమో జూద్దామని ఊకున్న."

ప్రసాదు చెమట తుడుచుకున్నాడు.

"తెలిసి కూడా మాట మార్చారే?"

"నేను మాట మార్చలే. నువ్వు ఉమర్ మార్చినవ్. ఉమర్ పెరిగినకొద్ది అందరి మెదడు జర తగ్గుతది. గింత నలుపు యాభై ఎనిమిదికి ఎక్కువ, డెబ్బైకి మామూలు. నీ గేజి సున్నాను నువ్వే కిందికి జరిపి, చదివినోన్ని దొంగంటవా?"

గేజి సున్నా మాట తగలవలసిన చోట తగిలింది. అయినా ఓడిపోవడం నాకు చేతకాదు. "అయితే మీ చూపులో తేడా ఉండదంటారా?"

"ఎందుకుండదు? బాగ తగ్గితె ఎవ్వరు జూసినా ఒకటే చెప్తరు. జర తగ్గిందా, అసలు తగ్గలేదా అంటె, అది అందాజ. నేనే పొద్దుగాల ఒకటంట, మాపటికి ఇంకొకటంట. నీ కట్టె మీద అంకెలుంటయి. పుర్రెల అంకెలు లేవు. నీ కాల్వల నీళ్లు అల్లాడుతుంటె ఏం రాస్తవ్?"

"మధ్యలో రాస్తానండి."

"నేనూ గంతే. గందుకే బొమ్మ ఒక్కటి జూసి మనిషికి తీర్పు చెప్పొద్దు. హైదరాబాదోళ్లు ఏం రాసిన్రు?"

కాగితాలు ఇచ్చాను. రెండోదాన్ని వెలుగు పెట్టె మీద పరిచారు. నా ఎర్ర అయిదు కింద నల్లటి ఆరు చక్కగా బయటపడింది.

"గిది ఎవరు దిద్దిన్రు?"

"నేనేనండి. గుమాస్తా తప్పు."

"గుమాస్తాకు ఉమర్ ఎవరు చెప్పిన్రు?"

నేను టీ తాగుతున్నప్పుడు అక్కడున్నది మామగారొక్కరే.

"ఇంటికి పోయి మీ మామను అడుగు," అన్నారు డాక్టరుగారు. "ఇంట్ల ఆడోళ్లు లేనప్పుడు అడుగు."

ఈ రెండో సలహాను నేను డైరీలో రాసుకోలేదు. అందుకే పాటించలేదు.

ఆదివారం సాయంత్రం వసారాలో అందరి ముందూ రెండు కాగితాలూ చదివాను. "యాభై ఎనిమిదైతే మామయ్యగారి మెదడు తగ్గినట్టు. అరవై ఎనిమిదైతే తగ్గనట్టు. కాబట్టి అసలు వయసు తేలాలి," అని పంచాయితీ కరణంలా ప్రకటించాను.

మామగారు నావైపు చూసిన చూపుకు గాలి ఎక్కించకుండానే నా తల బరువెక్కింది.

వీరరాఘవయ్యగారు నవ్వారు. "వయసులో ఉన్నానని మీరే చెప్పుకుంటారుగా. యాభై ఎనిమిదే. దిగండి మరి."

మామగారు తలుపువైపు చూశారు. తలుపు వెనక గాజులు ఒకసారి చప్పుడు చేసి ఆగిపోయాయి. పెద్దరికం కావాలంటే ముసలివాడు కావాలి. పడుచువాడుగా ఉండాలంటే మతి పోయినవాడు కావాలి. నాకు తెలిసి అంతకు మించిన ఇరుకు మా కాలువ మీద ఏ తూములోనూ లేదు.

"అరవై ఎనిమిది," అన్నారు చివరికి, నేలను చూస్తూ. "పెళ్లిచూపులప్పుడు పదేళ్లు తగ్గించి చెప్పా. ముప్పై రెండంటే పిల్లనివ్వరని మా మేనమామ చెప్పమన్నాడు."

ఎవరూ నవ్వలేదు. లోపల పాదాల చప్పుడు వంటింటి వైపు వెళ్లిపోయింది.

వీరరాఘవయ్యగారు అంత తేలిగ్గా వదులుతారా? "వయసు సంగతి అట్టా ఉంచండి. వంతులు చెప్పండి చూద్దాం. ఎవరికి ఏ రోజు, ఏ పూట."

మామగారు కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. సోమవారం పొద్దున ఎవరికి, మధ్యాహ్నం ఎవరికి, ఇంటింటి పేరూ మడి గుర్తూ చెప్పుకుంటూ పోయారు. వీరరాఘవయ్యగారి గురువారం తప్పలేదు. ఆదివారంతో ముగించి కళ్లు తెరిచారు. నేను డైరీలో ఉన్న ఇళ్ల లెక్కతో సరిచూశాను.

"ఒక ఇల్లు తగ్గిందండి," అన్నాను. ఎందుకన్నానో మీరు అడక్కండి.

"ఎవరిది?"

"మీదే."

మామగారు తెల్లబోయారు. తన శనివారాన్ని తనే మరిచిపోయారు. వసారా అంతా వీరరాఘవయ్యగారి వైపు తిరిగింది. ఆయన మీసం మీద వేలు పెట్టుకుని, "ఇంకొకరి వంతు మర్చిపోయేవాడైతే దింపేవాణ్ణి. తన వంతు మర్చిపోయేవాణ్ణి ఎక్కణ్ణించి తెస్తాం? ఉండనియ్యండి," అని లేచి వెళ్లిపోయారు.

పెద్దరికం నిలిచింది. కాపురం సంగతి తేలలేదు. ఆ పూట అత్తగారు అందరికీ అన్నం వడ్డించారు, ఒక్క మాటైనా మాట్లాడకుండా. మామగారు పచ్చడి అడగడానికి కూడా సాహసించలేదు.

మర్నాడు పొద్దున నేను గేజికి బయల్దేరుతుంటే అత్తగారు కాఫీ గ్లాసుతో వసారాలోకి వచ్చారు. మామగారు కుక్కిమంచం మీద ముడుచుకుని కూర్చున్నారు.

"అల్లుడుగారూ, ఆ వయసు సంగతి మీరు కొత్తగా కనిపెట్టిందేం కాదు," అన్నారు. "మా పెళ్లయిన ఏడాదే కృష్ణకు పుష్కరాలొచ్చినై. నీళ్లలో మునిగి లేచి, 'నాకిది మూడో పుష్కరం' అన్నారీయన. పుష్కరానికీ పుష్కరానికీ పన్నెండేళ్లు. ఇరవై రెండేళ్ల మనిషి ఇరవై నాలుగేళ్ల కిందట ఏ కృష్ణలో మునిగాడని ఆ గట్టు మీదే అనుకున్నా."

మామగారు మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నారు. "మరి ఇన్నాళ్లూ అడగలేదేం?" అన్నారు.

"అడిగితే మీరూ అడుగుతారని," అన్నారు అత్తగారు. తర్వాత నావైపు తిరిగారు. "మీ పుస్తకంలో నా వయసు ఎంత రాశారు?"

"యాభై ఒకటండి."

"ఆ పెన్సిలు ఇట్టా ఇవ్వండి."

ఇచ్చాను. ఆమె దాన్ని దిద్దడానికి తీసుకుంటున్నారనుకుని డైరీ పేజీ కూడా తెరిచి పట్టుకున్నాను. అత్తగారు పెన్సిలును పుటుక్కున విరిచి, "మా నాన్నకూ వయసు తగ్గించి చెప్పమనే మేనమామ ఉన్నాడు," అని, ముక్కలు పొయ్యిలో పడెయ్యడానికి లోపలికి వెళ్లారు. ముప్పై ఆరేళ్లలో మొదటిసారి మామగారు తన భార్య వయసు గురించి ఆలోచించడం నేను కళ్లారా చూశాను.

అప్పుడే, ఆ వసారాలోనే, పారే తుంగభద్ర నీటి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో ఏ మనిషి పుర్రెనూ రెండుసార్లు కొలిపించను, ఏ కాగితంలోనూ ఎవరి వయసూ దిద్దను. ఆ ప్రమాణాన్ని వెంటనే డైరీలో రాద్దామని జేబులో చెయ్యి పెట్టాను. రాయడానికి పెన్సిలు లేదు.